మేడంగారి పెట్టెలో పేరు

నా పాత లాప్‌టాప్‌ని నరసాపురం రేవులో ఆన్ చేస్తే సఖినేటిపల్లి రేవులో తెరుచుకునేది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వేవారు. రోజూ నాతోపాటు పంటు ఎక్కేవాళ్ళు మాత్రం నవ్వేవారు కాదు, ఎందుకంటే వాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఆటోల్నీ ఒక్కసారే ఎక్కించుకుని వశిష్ఠ గోదావరిని దాటించే పెద్ద బల్లకట్టు. నేను అవతలి ఒడ్డున ఒక ఎయిడెడ్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ నీళ్ళు దాటుతున్నాను.

దాటే ఆ పావుగంటలోనే ఏదన్నా రాసుకుంటాను. ఇంట్లో కూర్చుంటే కుక్కర్ పిలుస్తుంది, స్కూల్లో కూర్చుంటే హెడ్మాస్టరుగారు పిలుస్తారు. పంటు మీద ఎవరూ పిలవరు. పక్కన నిలబడ్డవాళ్ళ గురించే రాస్తాను: టిక్కెట్లు కోసే ఆయన, అరటి గెలల వ్యాపారి, పెళ్ళికి వెళ్తూ ఉంగరం ఇంట్లో మర్చిపోయానని నడి గోదారిలో గుర్తు తెచ్చుకున్న పెద్దమనిషి. ఎవరి పేరూ రాయను. పేరు రాస్తే రేపు ఆ మనిషి మొహం చూడటం కష్టం, అదీ నా భయం. "ఒకాయన", "ఒకావిడ" అంటే సరిపోతుంది కదా అని ఒక ధీమా కూడా ఉండేది.

పోయినేడు నా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్ము కూడా చూడకుండా నా సంచీ చూసి, "ఇందులో ఏం మోస్తున్నారమ్మా?" అన్నారు. మర్నాడు పంటు మీద అదే మాట చేపలమ్మే అమ్మాయితో చెప్పాను. అమ్మాయంటే నిజంగా అమ్మాయి కాదు, నలభై దాటింది, పెళ్ళయిన కూతురుంది. వాళ్ళమ్మ ఇదే పంటు మీద ఇదే వ్యాపారం చేసేది, అప్పుడు ఈ పిల్ల వెనకాల చిన్న గిన్నె పట్టుకుని వచ్చేది. అందుకని నాకు ఎప్పటికీ అమ్మాయే. నరసాపురంలో చేపలు ఎత్తుకుని అవతలి ఊళ్ళలో వీధి వీధీ తిరిగి అమ్ముకుంటుంది.

ఆవిడ నా మాట విని, తన కాటా కొక్కేనికి నా సంచీ తగిలించి పైకెత్తింది.

"రెండు కేజీల తొమ్మిదొందలండి మేడంగారు. ఇంత బరువున్న శీలావతయితే మీ ఇంటిల్లిపాదీ రెండు పూటలు తింటారండి. ఇదేం పెడతదండి మీకు?"

పంటు మీదున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నాకు కోపం వచ్చింది, ఆ కోపంలోనే కొత్తది కొనాలని తీర్మానించుకున్నాను.

నేను ఏదైనా కొనాలంటే ముందు నోట్‌బుక్కులో రాసుకునే రకం. నా లాప్‌టాప్‌తో నేను చేసే పనులన్నీ ఒక పేజీలో రాశాను. టైపు చేయడం, మార్కుల పట్టికలు, మెయిల్, ట్రైనింగుల వీడియోలు, ఆదివారం పూట పాత పాటలు. పేజీ సగం కూడా నిండలేదు. ఈ కాస్త పనికా నేను ఇంత రోలు మోస్తున్నది అనిపించింది. తప్పు విండోస్‌ది కాదు, పాపం. ఆ లాప్‌టాప్ తొమ్మిదేళ్ళ ముసలిది, దాని మీద ఆ తర్వాతి కాలం బరువంతా నేనే ఎక్కించాను. కానీ కొత్తగా మళ్ళీ అదే తీసుకుంటే మళ్ళీ అంత మోత, అంత సంరక్షణ. నాకు తేలికైనది కావాలి, మూత తీస్తే తెరుచుకోవాలి, పొద్దున చార్జింగ్ పెడితే సాయంత్రం దాకా ఉండాలి. అంతకు మించి ఏ వైభోగమూ అక్కర్లేదు.

భీమవరంలో షాపు కుర్రాడు విండోస్ లేని రకం ఒకటి చూపించాడు. అన్నీ ఇంటర్నెట్ బ్రౌజరులోనే నడుస్తాయట. మనం రాసింది ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో దాచుకుంటుందట. సిగ్నల్ లేకపోయినా రాసుకోవచ్చు, తర్వాత అదే సర్దుకుంటుందట. చేతిలోకి తీసుకుంటే పరీక్ష అట్టలా ఉంది. నాకు తోడొచ్చిన మా స్కూలు లెక్కల మాస్టారు పక్కనుండి, "విండోస్ లేకుండా మీకు చేతకాదండీ, అలవాటు పోదు" అన్నారు. ఆ ఒక్క మాట చాలు నాకు. పాతది ఎక్స్చేంజిలో అక్కడే ఇచ్చేసి, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకీ ఆన్‌లైన్‌లోకీ ఎక్కించుకుని, కొత్తదాన్ని చంకన పెట్టుకుని వచ్చేశాను.

వచ్చేటప్పుడు దారిలో మా ప్రెస్సాయన దగ్గర ఆగాను. నరసాపురంలో శుభలేఖలు అచ్చేస్తారు. మా స్కూలు వార్షిక సంచిక కూడా ఆయనే వేస్తారు. నాకు మొదట్లో తెలుగు టైపింగ్ నేర్పి, అచ్చుకు పనికొచ్చే తెలుగు ఫాంటు నా పాతదాంట్లో వేసి ఇచ్చింది ఆయనే. ఆయన బల్ల మీద ఇప్పటికీ బోషాణమంత కంప్యూటరు ఉంటుంది, విండోస్ కూడా ఎప్పటిదో.

"ఇంకా ఈ బోషాణమేనా అండీ? కాలం మారిందండి" అన్నాను, నా అట్టముక్క ఆయన ముందు పెట్టి.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందండి. పాత తెలుగు ఫైళ్ళు ఇందులో తెరిచి చూసుకున్నారాండి?" అన్నారు.

"అన్నీ ఎక్కించేశాను" అన్నాను. ఆయన అడిగింది అది కాదు. నాకు ఆ తేడా తెలియదు, తెలుసుకునే ఓపికా అప్పుడు లేదు.

ఆ తర్వాత రెండు నెలలు నా అంత సుఖపడినవాళ్ళు ఆ పంటు మీద ఎవరూ లేరు. ఇంజను చప్పుడు మొదలయ్యేలోపు రెండు వాక్యాలు రాసేసేదాన్ని. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలవు, ఫ్యాను గోల లేదు. చేపలమ్మాయి దీన్ని కూడా కాటాకి తగిలించి, "కేజీ రెండొందలండి. పండుగప్ప పిల్లంత" అని ఒప్పుకుంది. భుజం నొప్పి నెమ్మదించి, జడ నేనే వేసుకోసాగాను. లెక్కల మాస్టారికి రోజుకొకసారైనా దాని మూత తీసి చూపించేదాన్ని.

ఒక మంగళవారం పొద్దున చేపలమ్మాయి గిన్నె కింద పెట్టి నా పక్కన కూర్చుంది. కూతురికి పురుడొచ్చిందనీ, ఆడపిల్లనీ అంతకుముందే చెప్పింది.

"శుక్రవారం బారసాలండి మేడంగారు. మీరు రావాలండి. మాయమ్మ పేరు పెట్టుకుందామనుకుంటన్నామండి."

"మంచిది, అంతకంటే ఏం కావాలి? పెట్టుకోండి."

"ఆయ్. పేరు తెలవాలి కదండి" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత చప్పున గుర్తొచ్చింది. వాళ్ళమ్మని అందరూ చిన్నకోడలు అనేవారు. రేవులో చిన్నకోడలే, సంతలో చిన్నకోడలే. రేషన్, ఓటరు కార్డుల్లో ఏదో పిలుపు పేరు ఎక్కించారు, అది కూడా అత్తవారు తగిలించిందే. ఆవిడ కాపురానికి వచ్చిన రోజున తేలిందట, పుట్టింటివాళ్ళు పెట్టిన పేరులో మామగారి పేరు కలిసి ఉందని. అత్తగారు మొగుడి పేరు నోటితో పలకదు. మరి కోడల్ని ఎలా పిలుస్తుంది? ఎలా తిడుతుంది? అందుకని గడప లోపలికి అడుగు పెట్టకముందే పేరు మార్చేశారు. అత్తగారు పోయాక కూడా ఎవరూ పాత పేరు జోలికి వెళ్ళలేదు. పుట్టింటివైపు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

"మా తాత పేరు కలిసే పేర్లు నాకు తెలిసే నాలుగున్నాయండి. అందులో ఏది మాయమ్మదో తెలీదండి. అడిగితే నవ్వేసేదండి. 'నా పేరు మేడంగారి పెట్టెలో ఉందే' అనేది. మీరు రాసుకున్నారంటగా అండి."

రాసుకున్నాను. తొమ్మిదేళ్ళ కిందట, ఇదే చెక్క మీద కూర్చుని. ఈ కథంతా ఆవిడే చెప్పింది, నేను విని రాసి, ఆవిడకి చదివి వినిపించాను. ఆ ఏడాది సంచికలో చోటు చాలక అది అచ్చవలేదు. ఆవిడ చెప్పిన తీరు గుర్తుంది, తడి చీర అంచు పిండుకోవడం గుర్తుంది, నవ్వితే పక్క పన్ను లేకపోవడం గుర్తుంది. పేరు ఒక్కటే గుర్తు లేదు. మనిషి పోయి మూడేళ్ళయింది. ఆవిడ నా దగ్గర దాచుకున్నది ఆ ఒక్క మాట, దాన్ని కూడా నేను గుర్తు పెట్టుకోలేదని చాలా సిగ్గేసింది.

అయినా బింకం పోదు కదా. "దానికేం భాగ్యం, ఇప్పుడే చూడు ఎంతలో తీస్తానో" అని మూత తెరిచాను. ఫైలు వెంటనే దొరికింది. తెరిచాను. అక్కడ తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, చుక్కలు, పేజీ నిండా ఎవరో కంకర పోసినట్టు. ఇంకో ఫైలు తెరిచాను, మరొకటి తెరిచాను. అన్నీ అంతే. నా తొమ్మిదేళ్ళ రాతంతా అదే.

"ఇది ఇంగ్లీషాండి?" అంది అమ్మాయి తొంగి చూసి.

"నెట్ సరిగ్గా లేదమ్మా. సాయంత్రం చూసి చెప్తాను" అన్నాను. అబద్ధం. ఆవిడ నమ్మింది, నమ్మి గిన్నె ఎత్తుకుని దిగిపోయింది. ఆ నమ్మకం చూసి నాకు ఏడుపొచ్చింది.

లంచ్ టైములో లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు తల దించడం ఎంత కష్టమో నాకే తెలుసు. పాపం, ఒక్క మాట కూడా దెప్పలేదు. ఆయనే విషయం విడమరచి చెప్పారు. ఆ పాత ఫాంటులో మనం టైపు చేసినవి నిజానికి ఇంగ్లీషు అక్షరాలేనట, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుందట. ఫాంటు లేని చోట వేషం తీసేసి నిలబడతాయి. కొత్తదాంట్లో ఆ ఫాంటు ఎక్కదు. పాతదాంట్లో ఉండేది, దాన్ని నేను చేతులారా ఇచ్చేశాను. షాపుకి ఫోను చేస్తే, పాతవన్నీ తుడిచి ఎప్పుడో పంపేశామన్నారు.

ఆన్‌లైన్‌లో ఇలాంటివి మార్చిపెట్టేది ఏదో ఉందని ఆయన వెతికి వేశారు. సగం మాటలు తెలుగులోకి వచ్చాయి. ఒత్తులన్నీ ఊడిపోయాయి. "పంటు", "చేపలు", "మామగారు" తెలుస్తున్నాయి. మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి వెతికాను. ఎక్కడ చూసినా "ఒకావిడ", "ఆవిడ" అనే ఉంది. అప్పుడు తట్టింది. నాకు పేర్లు రాసే అలవాటు లేదు కదా! ఆవిడ పేరు చెప్తే విని, ఆనందించి, నా పద్ధతి ప్రకారం వదిలేశానేమో. అడుగున ఒక వరుస మాత్రం ఏమీ మారకుండా కంకరగానే ఉండిపోయింది. అందులో ఏముందో తేలలేదు.

సాయంత్రం పంటు మీద ఆ అమ్మాయి కనిపించలేదు. నాకు హాయనిపించింది, హాయనిపించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. దిగగానే ప్రెస్సుకి నడిచాను.

ప్రెస్సాయన శుభలేఖల కట్టల మధ్య కూర్చుని ఉన్నారు. "రండి మేడంగారూ. మీ అట్టముక్క ఎలా ఉందండి?"

"బాగుందండి. తెలుగు చదవడమే రాలేదు దానికి" అన్నాను.

ఆయన నవ్వలేదు. చెయ్యి చాపారు. పెన్‌డ్రైవు ఇచ్చాను. బోషాణం గుర్రుగుర్రుమంటూ ఫైలు తెరిచింది, మళ్ళీ అదే కంకర. ఆయన తొందరపడకుండా పేజీ అంతా ఎంచుకుని, ఫాంట్ల వరసలోంచి ఒకదాన్ని నొక్కారు. తెలుగు వచ్చేసింది. అలవాటైన నా వాక్యాలు, నా తప్పులతో సహా, గుండ్రంగా వచ్చి కూర్చున్నాయి.

ఆయన కిందికి జరుపుతూ పోయారు. ఆవిడ, ఆవిడ, ఆవిడ. కథ అయిపోయింది. కొంచెం ఖాళీ వదిలి అడుగున ఆ వరుస ఉంది. ఆయన పైకి చదివారు. పేరు. దాని పక్కన, "చేపలు అమ్ముకుంటుంది, నరసాపురం రేవు. అడుగున తన పేరు రాయమంది."

అప్పుడు గుర్తొచ్చింది. చదివి వినిపించినప్పుడు ఆవిడ అంతా విని, "బాగుందండి. ఈ ఆవిడెవరండి?" అంది. నువ్వే కదమ్మా అన్నాను. "మరి నా పేరేదండి?" అంది. నేను నా పద్ధతి ఏదో చెప్పబోతే వినలేదు. పైన వద్దంటే కింద రాయండి అని పట్టుబట్టి, నేను రాసేదాకా గిన్నె ఎత్తలేదు. రాశాక అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది. ప్రెస్సులో ఆ బల్ల పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఆయన అచ్చు తీసి, కాగితం మడిచి, శుభలేఖ కవర్లో పెట్టి ఇచ్చారు. మిగతా ఫైళ్ళన్నీ కూడా వారానికి కాసిని చొప్పున సరిగ్గా మార్చి ఇస్తానన్నారు. బోషాణం అన్నందుకు క్షమించమన్నాను. "బోషాణమేనండి, అందుకే పాతవన్నీ ఉన్నాయి" అన్నారు.

శుక్రవారం స్కూలుకి సెలవు పెట్టాను. రేవు దగ్గర వాళ్ళ ఇల్లు. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి ఉంచారు. పిల్ల తండ్రి ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాయాలి. నేను కాగితం చూసి అక్షరం అక్షరం చెప్తుంటే అతను రాశాడు. చేపలమ్మాయి ఉయ్యాల మీదికి వంగి పిల్ల చెవిలో మూడుసార్లు ఆ పేరు చెప్పింది. అక్కడితో అయిపోవాలి. ఆవిడ నిటారుగా లేచి, రేవు వైపు తెరిచి ఉన్న తలుపుకేసి తిరిగి, ఇంకోసారి ఆ పేరు పెద్దగా పిలిచింది. గదిలో అందరూ ఆవిడనే చూశారు.

"మాయమ్మనెవరూ పేరెట్టి పిలవలేదండి ఎప్పుడూ" అంది నాతో. "అందుకనండి."

ఆ ఇంట్లో ఆ రోజు నేను తిన్నంత తిండి ఈ మధ్య ఎక్కడా తినలేదు.

సోమవారం మళ్ళీ పంటు. ఆవిడ గిన్నె దించి నా పక్కన కూర్చుని, నా ఒళ్ళో ఉన్నదాన్ని చూసింది.

"పేరు ఈ కొత్తపెట్టెలో కూడా ఉందాండి మేడంగారు?"

"ఉందమ్మా. మళ్ళీ నేనే టైపు చేశాను. ఇప్పుడిది ఎక్కడైనా తెలుగులోనే తెరుచుకుంటుంది. నీ ఫోనులో కూడా."

"చూపించండి."

మూత తీశాను, వెంటనే తెరుచుకుంది. ఆవిడకి చదువు రాదు. చెయ్యి చీరకి తుడుచుకుని, అక్షరాల కింద వేలు పెట్టింది. "ఎన్నండి?"

"అయిదు."

ఒకటి, రెండు అంటూ అయిదూ లెక్కపెట్టింది, వాళ్ళమ్మ వేలు పెట్టి చూసుకున్నట్టే. ఆ పేరు ఇక్కడ నేను రాయను. నా పద్ధతి అని కాదు. రేవులో ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే రోజుకి పదిసార్లు వినపడుతోంది.